అద్దె గది, చెమ్మ గోడ, 12,000 రూపాయలు

ప్రశ్న: మేము విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో అద్దెకుంటున్నాం. మా పడకగది 10 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు. పడమర గోడకు నాలుగడుగుల కిటికీ ఉంది. ఉత్తరం గోడ అవతల స్నానాలగది. ఆ గోడ కింది భాగం ఎప్పుడూ చెమ్మగా ఉండి పెచ్చులు రాలుతోంది. ఇంటివాళ్లు వేయించిన లేత ఆకుపచ్చ డిస్టెంపరు చేయి తగిలితే అంటుకుంటుంది. కొత్తగా మేకులు కొట్టవద్దన్నారు. తూర్పు గోడకు మాకంటే ముందున్నవాళ్లు కొట్టిన రెండు మేకులే ఉన్నాయి. పెళ్లికి పుట్టింటివారు పెట్టిన టేకు మంచం, నైరుతి మూల ఇనప బీరువా, దాని మీద సూట్‌కేసులు, తలుపు పైన ఒక ట్యూబులైటు, ఇదీ మా గది. నాలుగేళ్ల పాప గోడవైపు పడుకుంటుందని, తలాపి తూర్పు గోడకు ఉంచి మంచం ఉత్తరం గోడకు ఆనించాం. అమ్మ కట్టి ఇచ్చిన మంగళగిరి చీరలు నాలుగు అటక మీద ఉన్నాయి. వాటిని కట్టనూ లేను, ఎవరికీ ఇవ్వనూ లేను. ఫోనులో అందమైన గదులు చూసి చూసి మా గదిలోకి వెళ్లాలంటే నీరసం వస్తోంది. 12,000 రూపాయలు కూడబెట్టాను. ఇటుక గోడలా కనిపించే అతికించే షీట్లు, రంగురంగుల లైట్ల పట్టీ కొని, మెత్తటి తలాపి ఉన్న కొత్త మంచం వాయిదాల మీద తీసుకుందామనుకుంటున్నాను. మావారేమో అద్దె ఇంటికి ఇంత ఖర్చెందుకంటున్నారు. దసరాకు మా అత్తగారు వస్తున్నారు, ఆవిడకు వాస్తు పట్టింపు. పడకగదిలో మొక్కలు పెడితే గాలి శుభ్రపడుతుందని చెల్లెలు చెబుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: ముందు కొనకూడనివాటి సంగతి చూద్దాం. మీరు రాసిన మూడు వస్తువులూ ఆ జాబితాలోనివే.

ఇటుక గోడ షీట్లు మీ గోడకు నిలవవు. డిస్టెంపరు చేయికి అంటుతోందని మీరే రాశారు. ఆ పొడి మీద అతికించిన జిగురు గోడను కాక పొడిని పట్టుకుంటుంది. వారం తిరక్కుండానే అంచులు లేస్తాయి, వేసవి వస్తే షీటు మొత్తం కిందికి జారుతుంది. ఉత్తరం గోడకైతే అది మరీ ప్రమాదం. లోపలి చెమ్మ బయటికి రాలేక షీటు వెనకాలే నిలిచిపోయి నల్లటి బూజు పడుతుంది. నాలుగేళ్ల పాప ముక్కుకు అడుగు దూరంలో అలాంటిది ఉండకూడదు. ఇల్లు ఖాళీ చేసే రోజున షీటుతోపాటు సున్నం, పుట్టీ కూడా ఊడి వస్తే, మీ అడ్వాన్సులోంచి ఎంత కోత పడుతుందో చెప్పనక్కర్లేదు.

రంగుల లైట్ల పట్టీ ఫోటోలో బాగుంటుంది. రెండు రోజులు సరదాగానూ ఉంటుంది. మూడో రోజు నుంచి పాపకు నిద్రపట్టదు, మీకు తలనొప్పి పడుతుంది. ఇక కొత్త మంచం గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఇంట్లో టేకు మంచం ఉండగా, రంపపుపొట్టు చెక్కకు రెగ్జిను తొడిగిన మంచాన్ని వాయిదాల మీద తెచ్చుకోవడం దండగ. మన ఉక్కపోతకు ఆ రెగ్జిను కొన్నాళ్లకే పొరలు పొరలుగా ఊడుతుంది. పైగా మీ చేతిలో ఉన్నది 12,000. మంచానికి వాయిదాలు మొదలైతే ఆ డబ్బు మొదటి రెండు మూడు నెలలకే సరి.

ఫోనులో మీరు చూసే గదుల గురించి ఒక మాట. ఆ మంచాల మీద ఏడెనిమిది దిండ్లు ఉంటాయి కదా, రాత్రి పడుకునేటప్పుడు వాటన్నింటినీ ఎక్కడ పెడతారో ఎవరైనా చూపించారా? ఆ గదుల్లో బీరువా ఉండదు, ఇస్త్రీకి వేయాల్సిన బట్టల మూట ఉండదు, పాప స్కూలు సంచీ ఉండదు. అవి మనుషులు నివసిస్తుండగా తీసిన ఫోటోలు కావు. మీ గదిని వాటితో పోల్చుకుని నీరసపడటం అన్యాయం. మీ ఉత్తరం చదివితే నాకు కనిపించిన లోపాలు మూడే: వెలుతురు సరిగ్గా లేదు, కంటి ఎత్తున సామాను ఎక్కువైంది, ఒక గోడ జబ్బుపడింది. వస్తువుల కొరత ఎక్కడా కనిపించలేదు.

ఖర్చు లేని పనితో మొదలుపెట్టండి. ఒక ఆదివారం బీరువా మీది సూట్‌కేసులు దింపండి. చాలా ఇళ్లలో వాటి లోపల ఖాళీయే ఉంటుంది. ఒకదాంట్లో ఒకటి పెట్టి మంచం కిందికో అటక మీదికో చేర్చండి. బీరువా నెత్తి మీద ఏమీ లేకపోతే కంటికి పైకప్పు దాకా గోడ కనిపిస్తుంది, గది ఎత్తు పెరిగినట్టుంటుంది. అటక మీది అట్టపెట్టెలకు అడ్డంగా ఒక స్ప్రింగు తీగ లాగి, గోడ రంగుకు దగ్గరగా ఉండే పాత దుప్పటి వేలాడదీయండి. తీగ చివర కొక్కేలకు అటక చెక్క ఫ్రేములో చోటు దొరికితే గోడకు చిల్లు పెట్టనక్కర్లేదు. కుర్చీ మీద పేరుకున్న ఇస్త్రీ బట్టలకు మూత ఉన్న బుట్ట ఒకటి చాలు. కొందరు ఈ పని వదిలేసి నేరుగా బజారుకు వెళ్తారు. వాళ్లు తెచ్చిన కొత్త వస్తువులు పాత గుట్ట మీద కొత్త గుట్ట అవుతాయి.

అదే రోజు మంచాన్ని ఉత్తరం గోడ నుంచి అడుగున్నర ఇవతలికి లాగండి. తలాపి తూర్పు గోడకే ఉండనివ్వండి. తూర్పుకు తలపెట్టుకుంటే అత్తగారికి ఏ అభ్యంతరమూ ఉండదు. పాపను మీ ఇద్దరి మధ్య పడుకోబెట్టండి. ఇప్పుడు పరుపు అంచు చెమ్మ గోడకు తాకుతోంది, పరుపులోకీ దిండ్లలోకీ ముక్క వాసన వస్తుంటే అది అందుకే. మంచం ఇవతలికి వచ్చాక రెండు వైపుల నుంచీ దిగడానికి దారి ఏర్పడుతుంది. మీలో ఒకరు రాత్రిపూట మరొకరి కాళ్లు దాటుకుంటూ వెళ్లే బాధ తప్పుతుంది.

డబ్బు ఖర్చు పెట్టవలసిన మొదటి చోటు వెలుతురు. తలుపు పైనున్న ట్యూబులైటు గదినంతటినీ ఒకే తెల్లటి వెలుగుతో నింపేస్తుంది. దానికింద పెచ్చూడిన గోడ, పాత బీరువా, ముడతల దుప్పటి అన్నీ సమానంగా బయటపడతాయి. దాన్ని తీసేయకండి, చీర కుచ్చిళ్లు సరిచేసుకోవడానికీ, పడిపోయిన చెవిదిద్దు మర వెతకడానికీ అదే కావాలి. సాయంత్రం ఏడు దాటాక మాత్రం ఆపేయండి. మీ గదిలో జీరో బల్బు పెట్టే హోల్డరు ఒకటి ఎక్కడో ఉండే ఉంటుంది. అందులో ఐదు వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. కొనేటప్పుడు పెట్టె మీది అంకె చూడండి: 6500 కె అని ఉంటే ఆసుపత్రి తెలుపు, 2700 కె లేదా 3000 కె అని ఉంటే పసుపు వెలుగు. మీకు కావలసింది రెండోది. పసుపు బల్బు అనగానే మన పెద్దవాళ్లకు వోల్టేజి లేక మినుకుమినుకుమనే పాత రోజులు గుర్తొస్తాయి, మీ అత్తగారు కూడా ఆ మాట అనవచ్చు. ఒక రాత్రి ఆ వెలుగులో కూర్చుని కబుర్లు చెప్పుకోనివ్వండి.

మంచానికీ ఉత్తరం గోడకూ మధ్య వచ్చిన అడుగున్నర జాగాలో చిన్న స్టూలు వేసి, గుడ్డ గొడుగు ఉన్న దీపం ఒకటి పెట్టండి. గోడకు తగలనివ్వకండి. తొమ్మిది వాట్ల బల్బు సరిపోతుంది. ఎల్‌ఈడీ పెద్దగా వేడెక్కదు కాబట్టి గుడ్డకు భయం లేదు. తీగను మాత్రం మంచం కాలి వెనక నుంచి తీసుకెళ్లి టేపుతో బిగించండి, పాప కాలికి తగలకూడదు. దీపం, బల్బులు, ఎక్స్‌టెన్షను బాక్సు కలిపి 1,400 లోపు అవుతాయి.

ఇప్పుడు అటక మీది చీరల దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో నన్ను బాగా ఆకర్షించిన మాట అదే. ఆ చీరలు మీ కిటికీకి కర్టెన్లు అవుతాయి, ఒక్క కత్తెర గాటు కూడా పడకుండా. మామూలు చీర ఐదున్నర మీటర్లు, అంటే 18 అడుగులు. దాన్ని సరిగ్గా సగానికి మడిస్తే తొమ్మిదడుగుల పొడవున రెండు పొరల తెర వస్తుంది. మడత నుంచి మూడు అంగుళాలు కిందికి ఒక అడ్డకుట్టు వేయిస్తే రాడ్డు దూరే గొట్టం తయారవుతుంది. కొంగు గదివైపు వచ్చేలా, రెండో పొర కిటికీవైపు ఉండేలా వేలాడదీయండి. ఒక చీర వెడల్పు దాదాపు 46 అంగుళాలు. రెండు చీరలు కలిస్తే మీ నాలుగడుగుల కిటికీకి రెట్టింపుకు కాస్త తక్కువ. కుచ్చులు నిండుగా పడాలంటే కావలసిన కొలత అదే. చీర నిలువుగా వేలాడుతుంది కాబట్టి మంగళగిరి నేతలో కనిపించే నిజాం అంచులు పై నుంచి కింది దాకా గీత గీసినట్టు దిగుతాయి. రెండు తెరలూ మధ్యలో కలిసేచోట అంచూ అంచూ పక్కపక్కన నిలబడతాయి. దుకాణంలో రెండు మూడు వేలు పెట్టినా ఇలాంటి కర్టెను దొరకదు.

రాడ్డు ఇప్పుడు కిటికీ చట్రానికి ఆనుకునే ఉంటుందని నా ఊహ, అద్దె ఇళ్లలో ఎక్కువగా అంతే. దాన్ని కిటికీ పైన ఎనిమిది అంగుళాల ఎత్తుకు జరిపి, రెండు పక్కలా ఆరేసి అంగుళాలు పొడవు పెంచితే, కర్టెన్లు పక్కకు లాగినప్పుడు కిటికీ మొత్తం తెరుచుకుంటుంది, చిన్న కిటికీ పెద్దదిగా కనిపిస్తుంది. నేల నుంచి ఏడున్నర అడుగుల ఎత్తున రాడ్డు ఉంటే చీర పొడవులో అడుగుకు పైగా మిగులుతుంది. దాన్ని కోయకుండా లోపలికి మడిచి వదులుగా కుట్టించండి, ఆ బరువుకు తెర నిటారుగా దిగుతుంది. ఎప్పుడైనా మనసు మారితే కుట్లు విప్పితే చాలు, చీర చీరలాగే ఉంటుంది. పడమటి ఎండకు కిటికీవైపు పొర కొంత వెలుస్తుంది కాబట్టి నాలుగింటిలో రంగు ముందే పలచబడిన రెండింటిని వాడండి. పట్టుచీరలతో మాత్రం ఈ ప్రయోగం చేయకండి, ఎండకు పట్టు పోగులు పెళుసెక్కి చిరుగుతాయి. కొత్త రాడ్డు, కుట్టుకూలి కలిపి 900.

రాడ్డు జరపడానికి చిల్లులు వేయాలి కదా, ఇంటివాళ్లు ఒప్పుకుంటారా అంటారా? చెమ్మ గోడ గురించి వాళ్లతో ఎలాగూ మాట్లాడాలి. ఆ మాటల్లోనే ఇదీ కలిపేయండి. ఖాళీ చేసేటప్పుడు చిల్లులు తెల్ల సిమెంటుతో పూడ్చి ఇస్తామని చెప్పండి. స్నానాలగది కారుతోందని మీరు పట్టుకొచ్చిన రోజున నాలుగు చిల్లులకు కాదనడం ఎవరికైనా కష్టమే.

తూర్పు గోడకున్న రెండు మేకులను వదులుకోవద్దు. ఇప్పుడు అక్కడ క్యాలెండరు, గడియారం ఉండి ఉంటాయి. వాటిని హాల్లోకి పంపించి, ఆ రెండు మేకుల మీద నాలుగైదు అడుగుల కర్ర ఒకటి నిలిపి, దానికి కలంకారీ గుడ్డ వేలాడదీయండి. మంచం వెనక గోడ నిండుతుంది, మెత్తటి తలాపి మీద మీకున్న మోజు కూడా తీరుతుంది. అచ్చు కలంకారీకి పేరున్న పెడన మీ పక్కనే, మచిలీపట్నం దారిలో ఉంది. రెండు మీటర్ల గుడ్డ 600 రూపాయల్లోపు దొరుకుతుంది.

కొనేటప్పుడు కాస్త జాగ్రత్త. కలంకారీ పేరుతో బజారులో అమ్మేవాటిలో చాలామటుకు స్క్రీన్ ప్రింట్లు, రసాయన రంగులు. అసలు పద్ధతిలో గుడ్డను ముందు కరక్కాయ రసంలో ముంచి ఆరబెడతారు. అందుకే ఖాళీ జాగా కూడా పాలతెలుపు కాకుండా కొంచెం పసుపు దిగిన లేత గోధుమ రంగులో ఉంటుంది. తుప్పు ఇనుమును బెల్లంనీళ్లలో నానబెట్టి నల్లరంగు తీస్తారు. పటిక పట్టించి, మొక్కల వేళ్ల నుంచి తీసిన రంగులో ఉడకబెడితే ఎరుపు వస్తుంది. నీలిమందుతో నీలం. చెక్క అచ్చును చేత్తో ఒకదాని పక్కన ఒకటి అద్దుతూ పోతారు కాబట్టి అచ్చుకూ అచ్చుకూ మధ్య వెంట్రుకవాసి తేడా ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. ఒకచోట రంగు చిక్కగా, పక్కన కాస్త పలచగా ఉంటుంది. గుడ్డంతా ఒక్క తేడా లేకుండా గీసి కొలిచినట్టు ఉంటే అది యంత్రం పని. తెచ్చాక మొదటిసారి విడిగా, చన్నీళ్లలో ఉతికి నీడలో ఆరేయండి. పడమటి కిటికీ ఎండ తిన్నగా తూర్పు గోడ మీద పడుతుంది కనుక మధ్యాహ్నం మూడు నుంచి కర్టెన్లు వేసి ఉంచితే రంగు చాలాకాలం నిలుస్తుంది.

మంచం పని మీరే చేసుకోగలరు. ముందు తడి పిండేసిన గుడ్డతో తుడిచి, చెక్కడాల సందుల్లోని దుమ్మును పాత పళ్లకుంచెతో తీయండి. 120 నంబరు ఉప్పుకాగితంతో పాత వార్నిషు పోయేదాకా, తర్వాత 220తో నునుపు తేలేదాకా చెక్క నార వెంబడే రుద్దండి. అడ్డంగా రుద్దితే గీతలు పడి పాలిష్ కింద మరింత స్పష్టంగా కనిపిస్తాయి. ముదురు రంగు వేయకుండా, స్పిరిట్‌లో లక్క కరిగించిన పాలిష్‌ను గుడ్డముద్దతో రెండు మూడు పూతలు పూయండి. టేకు అసలు తేనెరంగు బయటపడుతుంది. ఆ స్పిరిట్‌కు మంట అంటుకుంటుంది కాబట్టి దగ్గర్లో దీపం, అగరొత్తి లేకుండా చూసుకోండి. సామగ్రికి 400 చాలు. మీవారికి ఈ పని అప్పగిస్తే మరీ మంచిది. రెండు గంటలు ఉప్పుకాగితం పట్టుకున్న మనిషి ఆ తర్వాత అద్దె ఇంటికి ఎందుకనే మాట ఎత్తడు. నిజానికి ఆయన మాటలో సగం న్యాయం ఉంది: గోడకు అతుక్కుని ఇక్కడే ఉండిపోయేదానికి ఖర్చు పెట్టకూడదు. మంచం, దీపం, చీరలు, కలంకారీ, జంపఖానా అన్నీ రేపు ఇల్లు మారినా మీ వెంటే వస్తాయి. ఈ లెక్క చెప్పి చూడండి.

బీరువాను నైరుతి మూల నుంచి కదపవద్దు. ఆ పట్టింపు మీద ఎవరి నమ్మకం వారిది కానీ, మీ గది కొలతల్లో దానికి అంతకంటే మంచి చోటు కూడా లేదు. కదపడానికి బదులు కనిపించకుండా చేయవచ్చు. చిన్న గదిలో పెద్ద వస్తువుకు గోడ రంగే వేస్తే అది గోడలో కలిసిపోతుంది. గోడలకు ఏ రంగు వేయాలనుకుంటున్నారో ముందే తేల్చుకోండి. నా సలహా లేత గంధం రంగు, మీ పసుపు దీపానికి, టేకుకు, కలంకారీకి మూడింటికీ అది సరిపడుతుంది. రంగుల కార్డులోని ఆ నంబరు చెబితే దుకాణంలో యంత్రం మీద ఎనామిల్‌లోనూ అదే రంగు కలిపి ఇస్తారు. మెరుపు లేని రకం అడగండి. బీరువాను ఉప్పుకాగితంతో గరుకు చేసి, తుప్పు పట్టినచోట రెడ్ ఆక్సైడ్ పూసి, పూతకూ పూతకూ మధ్య ఒక రాత్రి ఆరనిచ్చి రెండు పూతలు వేయండి. లీటరు డబ్బా, రోలరు కలిపి 900 లోపు. ఆ వాసన పోయేదాకా రెండు మూడు రాత్రులు పాపతో హాల్లో పడుకోండి.

పరుపు మీదికి రెండు జతల నూలు దుప్పట్లు, గలీబులు తీసుకోండి, 2,000 అవుతుంది. కర్టెన్లలో అంచులు, గోడకు కలంకారీ పూలు ఉన్నాయి కనుక దుప్పటికి పూలు వద్దు. సన్నని గీతలో, ఒకే రంగో చాలు. కొలత సరిచూసుకోండి, ఆరడుగుల మంచానికి 90/100 అంగుళాల దుప్పటి పొట్టిగా ఉండి రాత్రికి రాత్రే పక్కలు లేచిపోతాయి. 108/108 అడగండి. పండగల ముందు ఆప్కో దుకాణాల్లో తగ్గింపు ఉండటం మామూలే, దసరాకు ముందు ఒకసారి వెళ్లి చూడండి. మిగిలిన రెండు మంగళగిరి చీరలతో ఒక బొంత కుట్టించుకుని మంచం కాళ్లవైపు మడిచి వేసుకుంటే, ఆ మంచానికి వేరే అలంకరణ అక్కర్లేదు. బొంత కుట్టే చేతులు మీ అత్తగారివే కావచ్చు, అడిగి చూడండి.

నేల మీదికి వరంగల్ జంపఖానా. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన నేత అది. నూలుది కాబట్టి ఉతుక్కోవచ్చు, మడిచి పెట్టుకోవచ్చు, పాప రంగు పెన్సిళ్లతో దాని మీదే కూర్చుంటుంది. మంచం పక్క తలుపువైపున్న జాగాకు మూడడుగులు, ఐదడుగుల ముక్క సరిపోతుంది. 1,500 కేటాయించండి. ఏలూరు తివాచీలు ఇంకా అందంగా ఉంటాయి, కానీ ఉన్నివి, ధర ఎక్కువ, చిన్నపిల్లలున్న ఇంట్లో పాలు ఒలికితే మళ్లీ బాధ. ఇప్పుడు వద్దు.

మొక్కల విషయంలో మీ చెల్లెలు చెప్పిన మాటకు మూలం 1989లో నాసా చేసిన ప్రయోగం. గాలి చొరబడని మూసిన పెట్టెల్లాంటి గదుల్లో మొక్కలు పెట్టి చేసిన పరీక్ష అది. తలుపులూ కిటికీలూ తెరిచి మూసే మన గదిలో ఒకటి రెండు కుండీల వల్ల గాలిలో చెప్పుకోదగ్గ మార్పు రాదు. గాలి కావాలంటే పొద్దున్నే కిటికీ తెరవండి. కంటికి ఆకుపచ్చదనం కోసమైతే కిటికీ గట్టు మీద ఒక మనీప్లాంటు సీసా పెట్టుకోండి, కొనక్కర్లేదు కూడా, పక్కింటివాళ్లను ఒక కొమ్మ అడిగితే ఇస్తారు.

ఇప్పటిదాకా లెక్క 7,700 అయింది. మిగిలిన 4,300 తీసి పక్కన పెట్టండి, అది గోడల కోసం. దసరాకు గోడ కూడా కొత్తగా ఉండాలని మీకు తొందరగా ఉంటుంది, కానీ వానాకాలం వదిలీ వదలని రోజుల్లో తడిగోడకు పూసిన రంగు సంక్రాంతిలోపే బుడగలుగా లేచి రాలుతుంది. అత్తగారు వచ్చే రోజుకు చెమ్మ ఉన్నచోట వదులుగా ఉన్న పెచ్చుల్ని గీకేసి, ఊరిన తెల్ల ఉప్పును పొడి చీపురుతో దులిపేస్తే చాలు. నీళ్లతో కడగకండి, ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

ఆ చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తేల్చడానికి చిన్న పరీక్ష ఉంది. గీకిన జాగా మీద అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించి రెండు రోజులు ఉంచండి. ప్లాస్టిక్ లోపలివైపు, అంటే గోడవైపు నీటిచుక్కలు పడితే చెమ్మ గోడలోంచి వస్తున్నట్టు. గదివైపు పడితే గదిలోని తేమ చల్లటి గోడకు పట్టినట్టు. మీది మొదటి రకమే అనుకుంటున్నాను, అవతల స్నానాలగది ఉంది కనుక పలకల మధ్య సందులో, గోడలోని గొట్టం అతుకో కారుతూ ఉండాలి. ఆ ప్లాస్టిక్‌ను అలాగే ఉంచి ఇంటివాళ్లను పిలిచి చూపించండి. ఎన్నిసార్లు నోటితో చెప్పినా రానిది, ఆ చుక్కలు చూస్తే ప్లంబరు వస్తాడు. గొట్టం బాగుచేయించడం, పలకల సందులు నీరు దూరని ఎపాక్సీ పేస్టుతో పూడ్పించడం వాళ్ల ఖర్చు. ఆ సంగతి మొహమాటపడకుండా చెప్పండి. గోడలకు రంగు మేమే వేయించుకుంటాం అని మీరు అంటే, వాళ్లకూ మాట్లాడటానికి వీలుగా ఉంటుంది. ఒప్పుకున్నది ఫోనులో సందేశంగా రాయించుకోండి.

కారడం ఆగాక కూడా గోడ వెంటనే ఆరదు. వారాలు పడుతుంది. అందుకే రంగుల పని సంక్రాంతి వెళ్లాక పెట్టుకోమంటున్నాను, అప్పటికి గాలి పొడిగా ఉంటుంది, పెయింటర్లకూ కొంత తీరిక దొరుకుతుంది. డిస్టెంపరు మీద నేరుగా ఎమల్షన్ వేయనివ్వకండి, పొడి మీద వేసిన ఏ రంగయినా పొలుసుగా లేస్తుంది. పాతది తడిపి గీకించి, అవసరమైనచోట పుట్టీ పెట్టించి, ఒక పూత ప్రైమరు కొట్టించాకే రంగు. కిటికీ, తలుపు పోను మీ గోడలు దాదాపు 370 చదరపుటడుగులు. రెండు పూతలకు ఆరు లీటర్ల మామూలు ఎమల్షన్ సరిపోతుంది. పైకప్పు జోలికి పోవద్దు. గీకే పని మీరిద్దరూ చేసుకుంటే కూలి ఒక రోజుది తగ్గుతుంది, 4,300లో పని సర్దుకుంటుంది. డబ్బాలు కొనడానికి ముందు ఆ ఉత్తరం గోడకు ప్లాస్టిక్ పరీక్ష మళ్లీ ఒకసారి చేయండి. ఒక్క చుక్క కనిపించినా పెయింటరుకు ఇంకో పదిహేను రోజులు ఆగమని ఫోను చేయండి.